‘సంతానోత్పత్తి రేటు’: కన్న లెక్కా, కనగల లెక్కా?

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయిందని చదివి వినిపిస్తే మా అత్తయ్య, “పాపం, అంతమందికి పిల్లలు పుట్టడం లేదా? అంతా ఎరువుల తిండి మహిమ” అన్నారు. తప్పు ఆమెదా, మాటదా? ‘జననాల రేటు’ అంటే సరిపోదా?

జవాబు: మాటదేనండీ. ‘ఉత్పత్తి’ అనగానే శక్తి గుర్తొస్తుంది. కొందరు దీన్నే ‘సంతాన సాఫల్య రేటు’ అని రాసి ఇంకా చిక్కు పెడతారు. ఆ సాఫల్యం మనం ఆసుపత్రి బోర్డుల మీద చూసిన మాట. జనాభా శాస్త్రంలో ఇది కన్న పిల్లల లెక్క. ఇద్దరు చాలనుకుని ఆపరేషన్ చేయించుకున్నా రేటు తగ్గుతుంది. ఇంగ్లీషులో ‘ఫెర్టిలిటీ’ కన్నదానికి, ‘ఫెకండిటీ’ కనగల శక్తికి. ఫ్రెంచివారు ఈ జంటను సరిగ్గా తలకిందులు చేసి వాడతారు!

జననాల రేటు వేరు. ఏడాదిలో వెయ్యిమంది జనాభాకు ఎన్ని పుట్టుకలో అది చెబుతుంది. ఆ వెయ్యిలో తాతలూ పసివాళ్లూ ఉంటారు. సంతానోత్పత్తి రేటుకు 15–49 ఏళ్ల స్త్రీలనే వయసులవారీగా తీసుకుంటారు. ఈనాటి తీరే సాగితే ఒక స్త్రీ ఆ వయసులన్నీ దాటేసరికి సగటున ఎందరిని కంటుందన్నది అంచనా.

మరొకరు: హాయిగా ‘సగటు కాన్పులు’ అనకూడదా? ‘కను’ నుంచి వచ్చిన మన మాట.

జవాబు: నాకూ ఇష్టమే, కానీ నిలవదు. కవలలు పుడితే కాన్పు ఒకటే, లెక్కలో ఇద్దరు. బిడ్డ ప్రాణంతో పుట్టకపోయినా కాన్పే, లెక్కలోకి రాదు. ‘తల్లికి సగటు పిల్లలు’ కూడా కుదరదు. పిల్లలు లేని స్త్రీలనూ కలిపే భాగిస్తారు. ‘స్త్రీకి సగటు సంతానం’ నా ఓటు.

ఇంకొకరు: 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తానికి 2.0. తరానికి తరం భర్తీ కావడానికి సుమారు 2.1 కావాలంటారు. మరి జనాభా ఇంకా పెరుగుతోందేమి?

జవాబు: పిల్లల్ని కనే వయసువారు ఎక్కువగా ఉన్నారు కనుక. ఉయ్యాలను తొయ్యడం ఆపినా కాసేపు ఊగుతుంది కదా. దీన్ని ‘జనాభా ఊపు’ అనవచ్చు. ఆ అదనపు 0.1 ఎందుకంటే, మగపిల్లలు కాస్త ఎక్కువగా పుడతారు, కొందరు ఆడపిల్లలు తల్లి వయసు రాకముందే పోతారు.

ప్రశ్న వేసినవారు: అత్తయ్యకు చెప్పాను. “నేను ఐదుగురిని కన్నానే, నా లెక్క ఏదీ?” అంటున్నారు.

జవాబు: 49 దాటారు కదండీ, ఆనాటి లెక్కలో ఉన్నారని చెప్పండి.