టెక్సస్ లైఫ్, హెల్త్ ఇన్సూరెన్స్ పరీక్ష 4 మార్కుల్లో పోయింది, ఈసారి ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఏజెంటు లైసెన్సు కోసం పోయిన వారం పియర్సన్ వ్యూ (పరీక్షలు పెట్టే సంస్థ) సెంటర్‌లో పరీక్ష రాశాను. 70 రావాలి, 66 దగ్గర ఆగిపోయాను.

లైఫ్ భాగం పెద్ద కష్టమనిపించలేదు. మా మేనమామ ఊళ్లో ఎల్ఐసీ ఏజెంటు, టర్మ్, ఎండోమెంట్, నామినీ అన్న మాటలు చిన్నప్పటి నుంచీ వింటున్నవే. ఇక్కడ నామినీని బెనిఫిషియరీ అంటారు, అంతే కదా అనుకున్నా. అందులో మళ్లీ రివోకబుల్ (తర్వాత మార్చుకోగలిగేది), ఇర్రివోకబుల్ (ఆ మనిషి ఒప్పుకోకుండా మార్చలేనిది) అట!

నన్ను ముంచింది హెల్త్‌లోని రోజుల లెక్కలు. క్లెయిమ్ సంగతి కంపెనీకి 20 రోజుల్లో చెప్పాలి, వాళ్లు ఫారాలు 15 రోజుల్లో పంపాలి, నష్టానికి రుజువు 90 రోజుల్లో ఇవ్వాలి. గ్రేస్ పీరియడ్, అంటే గడువు దాటాక కూడా ప్రీమియం కట్టుకోనిచ్చే సమయం, వారం ప్రీమియానికి 7 రోజులు, నెల ప్రీమియానికి 10, మిగతావాటికి 31. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి, పోపు వేస్తూ కూడా అప్పజెప్పుకున్నా. తీరా స్క్రీన్ మీద "వీటిలో ఏది కాదు" అని తిప్పి అడిగేసరికి బుర్ర ఖాళీ.

టెక్సస్‌లో ముందుగా క్లాసు చేయాలన్న నిబంధన లేదు కాబట్టి సొంతంగానే చదివాను. ఇప్పుడు డబ్బు కట్టి క్లాసులో చేరడం మేలా, ప్రాక్టీస్ టెస్టులే చాలా? రాష్ట్ర చట్టాల భాగానికి మీరేం చదివారు? ఇక్కడ ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకుండే ఆరోగ్య బీమాలు మెడికేర్, మెడిగ్యాప్‌ల తేడా తెలుగులో ఎవరైనా విడమరిచి చెప్పగలరా? పిల్లలు పడుకున్నాక దొరికేది రోజుకు రెండు గంటలే. రెండోసారి రాసి పాసైనవాళ్లు ఎన్ని వారాలు ఆగారో కూడా చెప్పండి, ప్లీజ్.