401కి ‘అనధికారం’ అనొచ్చా?

వెబ్ సర్వర్‌కి మెట్రిక్స్ ఎండ్‌పాయింట్ (సర్వర్ తన పనితీరు అంకెలు ఇచ్చే అడ్రసు) ఎలా పెట్టాలో తెలుగులో ఒక గైడ్ రాస్తున్నాను. ప్రొమీథియస్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ ఆ అడ్రసుకి వచ్చి అంకెలు తీసుకెళ్తుంది: ఎన్ని రిక్వెస్టులు వచ్చాయి, ఎన్ని ఫెయిలయ్యాయి, మెమరీ ఎంత వాడుతోంది. దాన్ని అందరికీ తెరిచి ఉంచితే లోపలి రూట్ల పేర్లు, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు కూడా బయటపడే వీలుంది. అందుకే టోకెన్, అంటే పాస్‌వర్డ్ లాంటి రహస్య పదం, అడుగుతాం. టోకెన్ లేకుండా వస్తే సర్వర్ 401 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. దాని పేరు అన్‌ఆథరైజ్డ్ కదా అని ‘అనధికారం’ అని రాశాను. చదివిన ఒకరు “అయితే 403 దేనికి?” అన్నారు. మీరేమంటారు?

జవాబు:
ఆ ప్రశ్న న్యాయమైనదేనండీ. ఇక్కడ ఇంగ్లిష్ పేరే తప్పుదారి పట్టిస్తోంది. 401 అంటే ‘మీరెవరో తేలలేదు, రుజువు చూపించండి’ అని. అందుకే ఎలాంటి రుజువు కావాలో ఆ జవాబుతోపాటే ఒక హెడర్‌లో (జవాబు ముందు వెళ్ళే సమాచార పంక్తిలో) చెప్పి తీరాలని 2022 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 9110, అంటుంది. 403 అలా కాదు, ‘అడిగింది అర్థమైంది, ఇవ్వను’ అనడం. ‘అనధికారం’ అనగానే తెలుగు పాఠకుడికి హక్కు లేదనే తోస్తుంది. పాపం, పర్మిషన్లన్నీ తిరగేస్తూ కూర్చుంటాడు. అసలు తప్పేమో, సర్వర్ టోకెన్‌ని ఫైలు నుంచి చదివేటప్పుడు చివరి న్యూలైన్‌ని (కనబడని పంక్తి ముగింపు గుర్తుని) కూడా టోకెన్‌లో కలిపేసుకోవడం అయ్యుండొచ్చు. అప్పుడు సరైన టోకెన్ పంపినా 401 తప్పదు. నా ఓటు 401కి ‘గుర్తింపు తేలలేదు’, 403కి ‘అనుమతి లేదు’. టోకెన్ మోసుకొచ్చే హెడర్ పేరూ ఆథరైజేషనే, కానీ అది కోడ్‌లో ఉండే మాట కాబట్టి అనువదించొద్దు.

మరో జవాబు:
ఆథెంటికేషన్‌కి, అంటే వచ్చినదెవరో తేల్చుకోవడానికి, ‘ధ్రువీకరణ’ మాత్రం వాడకండి. సర్టిఫికెట్‌కి, వెరిఫికేషన్‌కి కూడా అదే మాట వాడుతున్నారు. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) సర్టిఫికెట్ గురించి కూడా అదే పేజీలో చెప్పాల్సి వస్తుంది, గందరగోళమైపోతుంది. ఇంకోటి, మెట్రిక్స్‌ని ‘కొలమానాలు’ అనకండి దయచేసి. కొలమానం అంటే దేంతో కొలుస్తామో అది. సర్వర్ ఇచ్చేది కొలిస్తే వచ్చినది, అంటే కొలత.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ‘కొలతలు’ ఖాయం. కౌంటర్, గేజ్ అనే కొలతల రకాల పేర్లు మాత్రం అలాగే ఉంచుతున్నాను. కౌంటర్ పెరగడమేగాని తగ్గదు, రీస్టార్ట్ అయితే సున్నాకి వస్తుంది. గేజ్ పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ తేడా పేరులో ఇమడదు, వాక్యంలోనే చెప్పాలి. 401 దగ్గర ఇలా మార్చాను: “టోకెన్ పంపకపోయినా, పంపిన టోకెన్ సరిపోలకపోయినా సర్వర్ 401 ఇస్తుంది, అంటే గుర్తింపు తేలలేదని. ముందు టోకెన్ సరిచూసుకోండి.” బేసిక్ ఆథ్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పంపే పద్ధతి) దగ్గర, వాటిని మార్చి రాసే బేస్64ని ‘రహస్యలిపి’ అని రాసి ఉంది, అదీ తీసేస్తున్నాను. దాన్ని ఎవరైనా విప్పి చదవొచ్చు, రహస్యం కాపాడేది టీఎల్‌ఎస్. బేస్64కి ‘మారురూపం’ అంటే సరిపోతుందా?