ఫాస్ఫేట్‌ని సున్నాకి దించాలా, నాచుని మేపించాలా?

డల్లాస్_ట్యాంక్:
అందరికీ నమస్కారం. నాది 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), పెట్టి ఎనిమిది నెలలైంది. అన్నీ డ్రై రాక్‌లే, అంటే జీవం లేని ఎండు రాళ్ళు. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, పగడాల్లో నాలుగైదు రకాల జోయాంథిడ్లు, ఒక హ్యామర్ కోరల్ ఉన్నాయి. రెండు నెలలుగా రాళ్ళ మీద హెయిర్ ఆల్గే, జుట్టులాంటి నాచు. మొదట నూగులా ఉండేది, ఇప్పుడు జడ వేయొచ్చు. "సముద్రం తెస్తానని పొలం తెచ్చావు" అంటోంది మా ఆవిడ.

నాకు అర్థం కానిది ఒక్కటే. హాన్నా కంపెనీ మీటర్‌లో ఫాస్ఫేట్ 0.02 పీపీఎం, టెస్ట్‌లో నైట్రేట్ 2 చూపిస్తున్నాయి. ఇంత తక్కువున్నా నాచు దేన్ని తిని పెరుగుతోంది? షాపాయన ఫాస్ఫేట్‌ని పీల్చే జీఎఫ్ఓ రియాక్టర్ పెట్టి దాన్ని సున్నా చేయమంటున్నాడు. ఇంకో ఫ్రెండ్ దాని జోలికే వెళ్ళొద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కెమిస్ట్రీ_మాస్టారు:
మీ 0.02ని నమ్మకండి. నాచు తాగగా మిగిలిందే మీటర్‌కి దొరుకుతుంది. పెళ్ళి భోజనాలయ్యాక గిన్నెలో అడుగంటిన పులుసు చూసి వంట తక్కువైందన్నట్టు ఉంటుంది. పైగా ఆ చిన్న హాన్నా మీటర్‌కి అటూ ఇటూ 0.02 తేడా మామూలే. అంటే మీది సున్నా అయినా కావచ్చు, 0.04 అయినా కావచ్చు.

అసలు సంగతి మీ రాళ్ళలో ఉంది. ఫాస్ఫేట్ రాళ్ళలోని కాల్షియం కార్బొనేట్‌కి అంటుకుంటుంది. నీళ్ళలో తగ్గే కొద్దీ రాయి మెల్లగా వదులుతుంది. వదిలిన చోటే నాచు కూర్చుని తాగుతుంది, నీళ్ళలోకి రానివ్వదు. రాయి ఖాళీ అయ్యేదాకా బయటికి లాగుతూనే ఉండాలి. జీఎఫ్ఓ అంటే తుప్పు రంగు ఇనుప గుళికలు, తాగునీటిలో ఆర్సెనిక్ తీయడానికి వాడేవే. పెట్టండి, భయం లేదు.

జెర్సీ_అక్క:
భయం ఉంది మాస్టారూ. ఆ భయం నేను పడ్డాను.

నా 40 గ్యాలన్ల ట్యాంక్‌లో ఇలాగే నాచు వస్తే జీఎఫ్ఓ నిండా పోసి, పైన వోడ్కా డోసింగ్ (బ్యాక్టీరియాకి మేతగా వోడ్కా చుక్కలు పోయడం) కూడా మొదలుపెట్టా. మూడు వారాల్లో రెండు రీడింగులూ సున్నా. నాచు నిజంగానే తెల్లబడి పోయింది, ఆనందించాను. తర్వాత ఇసుక మీద గోధుమరంగు చీమిడి, దాని నిండా గాలి బుడగలు. రాత్రి మాయం, మధ్యాహ్నానికి మళ్ళీ ప్రత్యక్షం. నత్తలు వెల్లకిలా పడి చచ్చాయి. మా అబ్బాయి బొమ్మ మైక్రోస్కోప్‌లో చూస్తే నువ్వు గింజల్లాంటివి గిరగిరా తిరుగుతున్నాయి. డైనోఫ్లాజెల్లేట్లు, సున్నా నీళ్ళలో రెచ్చిపోయే సూక్ష్మజీవులు, అందులోనూ ఆస్ట్రియాప్సిస్ అనే రకం. హెయిర్ ఆల్గేని నత్త తింటుంది, దీన్ని తింటే నత్తే పోతుంది.

ఆ రకం రాత్రిపూట నీళ్ళలోకి లేస్తుంది కాబట్టి యూవీ లైట్ పెట్టి, నైట్రేట్ నేనే పోసి పెంచి, నాలుగు నెలలకి బయటపడ్డా. అదే ఆంఫిడీనియం అనే రకం అయితే ఇసుక వదిలి పెద్దగా పైకి రాదు, యూవీ పనిచేయదు. తమ్ముడూ, సున్నా అనే మాటే మర్చిపో.

కెమిస్ట్రీ_మాస్టారు:
అక్కా, మీరు నిండా పోశారు, ఆపైన వోడ్కా. తప్పు మందుది కాదు, మోతాదుది. నేను సున్నా చేయమనలేదు. రెండు చెంచాలతో మొదలుపెట్టి వారానికి రెండుసార్లు టెస్ట్ చేసుకోమంటున్నాను.

జెర్సీ_అక్క:
ఆయన అడిగిందే సున్నా చేయాలా అని. మీరు "పెట్టండి, భయం లేదు" అన్నారు. పైన ఉంది, చదవండి.

మేత_ముఖ్యం:
ఇద్దరూ నీళ్ళ గురించే కొట్టుకుంటున్నారు. మేసేవాళ్ళ సంగతేంటి? జమైకా చూడండి. 1983లో ఏదో జబ్బు వచ్చి కరీబియన్ అంతటా పొడుగు ముళ్ళ డయాడెమా సీ అర్చిన్లు (నాచు మేసే ముళ్ళ బంతుల్లాంటి జీవులు) 90 శాతానికి పైగా చచ్చాయి. 1970ల చివర్లో అక్కడి రీఫ్‌ల మీద సగం దాకా ఉన్న పగడం 1990ల మొదటికి 5 శాతం లోపుకి పడిపోయింది, మిగతాదంతా నాచే. మందలు పోతే బీడు గడ్డి పెరిగినట్టే. రెండు క్లౌన్లు, ఒక గోబీ... మీ ట్యాంక్‌లో నాచు తినే నోరే లేదు.

కెమిస్ట్రీ_మాస్టారు:
జమైకాలో అంతకుముందే చేపల్ని ఊడ్చేశారు, 1980లో పెద్ద తుఫాను కూడా కొట్టింది. ఒక్క అర్చిన్ కథ కాదది. ఇంకో మాట. నత్త తిన్న ఫాస్ఫేట్‌లో చాలా వరకు మళ్ళీ అదే ట్యాంక్‌లో వదులుతుంది. గేదె పొలం మేసి అక్కడే పేడ వేస్తే పొలంలోంచి ఏం పోయినట్టు?

మేత_ముఖ్యం:
ఒప్పుకుంటా. అందుకే ముందు చేత్తో పీకాలి, మేత తర్వాత. పీకిన గుప్పెడు నాచుతో పాటు అది తాగిన ఫాస్ఫేట్ కూడా చెత్తబుట్టలోకి పోతుంది. బద్ధకించి మందు పోద్దామనుకునేవాళ్ళకే ఈ చర్చలన్నీ.

భీమవరం_చెరువు:
పగడాల గురించి నాకు తెలియదండి. ఇక్కడ ఇండియాలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, నేను ఉత్త చేపల ట్యాంకే పెట్టాను. కానీ రొయ్యల చెరువులో మేం రోజూ చేసే పనే మీరు వోడ్కాతో చేస్తున్నారని చదివి నవ్వొచ్చింది. తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టి చెరువుకి కొడతాం. బెల్లం తిని బ్యాక్టీరియా పెరుగుతుంది, పెరుగుతూ నత్రజనిని లాక్కుంటుంది. లెక్క అదే కదా? ఎక్కువైతే తెల్లారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. నాచుదీ అంతే, ఒక్కసారి మొత్తం చంపితే కుళ్ళి అదే ప్రమాదం. ట్యాంక్ చిన్నది కాబట్టి ఇంకా త్వరగా జరుగుతుంది. ఏం చేసినా నిదానంగా చేయండి.

జెర్సీ_అక్క:
ఈ చర్చలో పనికొచ్చే మాట ఇదొక్కటే.

కొత్తగా_చేరా:
అది నిజంగా హెయిర్ ఆల్గేనేనా? ఒక పోచ తెల్ల ప్లేట్‌లో వేసి చూడండి. ఫెర్న్ ఆకులా రెండు వైపులా ఈకలుంటే బ్రయాప్సిస్ అనే వేరే నాచు. దానికి గ్యాలన్‌కి 20 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ వాడతారు, మనుషుల ఫంగస్ మందే. నాకు రెండు వారాల్లో పోయింది.

డల్లాస్_ట్యాంక్:
చూశాను, ఈకలు లేవు. ఉత్త జుట్టే.

డల్లాస్_ట్యాంక్:
ఐదు వారాల తర్వాత వస్తున్నా. జీఎఫ్ఓ పెట్టలేదు. వారానికి రెండు రాళ్ళు బయటికి తీసి, బకెట్‌లో ట్యాంక్ నీళ్ళు పోసి టూత్‌బ్రష్‌తో తోమాను. ఐదు టర్బో నత్తలు, ఒక టక్సీడో అర్చిన్ తెచ్చా. చేపలకి మేతగా రోజుకి రెండు మైసిస్ క్యూబులు వేసేవాణ్ణి, ఒకటికి తగ్గించా. ఇంకోటి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ట్యాంక్‌లో పోసే నా ఆర్ఓడీఐ ఫిల్టర్ నీళ్ళ టీడీఎస్ (కరిగిన పదార్థాల లెక్క) 7 వచ్చింది, సున్నా ఉండాలి. ఫిల్టర్‌లోని రెజిన్ ఎప్పుడో అయిపోయింది. ఇన్నాళ్ళూ నేనే ఎరువు పోస్తున్నాననమాట.

మూడొంతుల నాచు పోయింది. కానీ ఫాస్ఫేట్ 0.09కి పెరిగింది!

కెమిస్ట్రీ_మాస్టారు:
చెప్పానా? తాగేవాడు పోయాడు, పులుసు గిన్నెలో కనబడుతోంది. ఇప్పుడు రెండు చెంచాల జీఎఫ్ఓ పెట్టండి.

జెర్సీ_అక్క:
0.09కి ఏమీ కాదు. హ్యామర్ తెరుచుకుని ఉందా? ఉంటే ఏదీ పెట్టకు.

డల్లాస్_ట్యాంక్:
హ్యామర్ బాగా తెరుచుకుంది అక్కా. ఈ నెల చూసి, 0.15 దాటితే మాస్టారి చెంచాలు పెడతా. ప్రస్తుతం నా టెన్షన్ వేరే. ఆ అర్చిన్ నా ఖరీదైన జోయాంథిడ్ ముక్కని నెత్తిన పెట్టుకుని ట్యాంకంతా తిరుగుతోంది. దించితే పది నిమిషాల్లో మళ్ళీ ఎత్తుకుంటోంది. ముక్కని రాయికి గట్టిగా అతికించడానికి ఏ జిగురు వాడతారు మీరంతా?