గుడ్డలో వడకట్టినా పోని మసక పటికతో ఎలా పోతోంది?

నిజాంపేట వాసి:
వానలు మొదలైనప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్‌కు వచ్చే ట్యాంకర్ నీళ్లు మట్టిరంగులో ఉంటున్నాయి. నూలుగుడ్డ మడతపెట్టి వడకట్టినా లాభం లేదు. రాత్రంతా బిందెలో ఉంచితే అడుగున కాస్త ఇసుక చేరుతుంది, పైన మసక అలాగే ఉంటుంది. మా అత్తగారు పటిక ముక్క నాలుగుసార్లు తిప్పి వదిలేస్తే కాసేపటికి తేటపడుతున్నాయి. ఇంటర్ చదివే మా అమ్మాయి ఇది కొల్లాయిడ్ అంటోంది, పాలూ కొల్లాయిడేనట. కొల్లాయిడ్ రకాల పట్టిక గడగడా చెప్తుంది గానీ, పటిక చేసే పనేమిటో చెప్పలేకపోతోంది. తెలిసినవాళ్లు వివరించండి.

కెమిస్ట్రీ లెక్చరర్ (రిటైర్డ్), నల్లకుంట:
మీ అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా. అడుక్కి చేరిన ఇసుక అవలంబనం, అంటే ఉంచితే దిగిపోయే పెద్ద రేణువులు. పైన మిగిలిన మసక కొల్లాయిడ్, అంటే దిగకుండా నీళ్లంతా పరచుకుని ఉండే అతి సన్నని రేణువులు. అందులో రేణువుల సైజు 1 నుంచి 1000 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటర్). మామూలు ఫిల్టర్ పేపర్ రంధ్రాలే అంతకన్నా పెద్దవి, ఇక నూలుగుడ్డ ఏం ఆపుతుంది!

అవి ఎందుకు దిగవన్నదే అసలు సంగతి. బంకమట్టి రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది. దగ్గరకు రాగానే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి, కాబట్టి కలిసి బరువెక్కవు. ధనావేశమున్న అయాన్లు (ఆవేశమున్న పరమాణువులు) కలిస్తే ఆ నెట్టుడు తగ్గి రేణువులు గడ్డకడతాయి. పటికలోని అల్యూమినియం అయాను మీద మూడు ధనావేశాలున్నాయి, ఉప్పులోని సోడియం మీద ఒకటే. అయాను మీద ఆవేశం పెరిగేకొద్దీ రేణువుల్ని గడ్డకట్టించే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. హార్డీ-షుల్జ్ నియమం చెప్పేది ఇదే. ఉప్పుతోనూ అవుతుంది, కానీ చాలా ఎక్కువ కావాలి. కృష్ణా గోదావరులు సముద్రంలో కలిసేచోట ఒండ్రు పేరుకోవడానికి ఆ ఉప్పునీరూ ఒక కారణం.

పరీక్షకు పట్టిక కావాలి, కాదనను. కానీ ముందు ఈ ఆవేశం సంగతి పట్టుకోమనండి, మిగతా పాఠం దానంతటదే వస్తుంది. ఈ రాత్రి లైటు ఆర్పి, ఒక గ్లాసులో ఆ మసకనీళ్లు, ఇంకో గ్లాసులో ఉప్పు కలిపిన మంచినీళ్లు పోసి పక్కనుంచి సెల్‌ఫోన్ టార్చి వేయండి. కాంతి దారి మొదటి దాంట్లోనే స్పష్టంగా కనిపిస్తుంది. కొల్లాయిడ్ రేణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది, టిండాల్ ప్రభావం అంటే అదే.

వాటర్ ల్యాబ్ టెక్నీషియన్, ఆసిఫ్ నగర్:
సార్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. పటిక నీళ్లలోని బైకార్బొనేట్‌తో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవుతుంది. మెత్తటి తెల్లటి తునకలు అవి. మట్టిని చుట్టుకుని కిందికి దిగుతాయి. అందుకే మొదట గబగబా తిప్పాలి, తర్వాత నెమ్మదిగా. చివరిదాకా జోరుగా తిప్పితే ఆ తునకలు విరిగిపోతాయి. ఇంకో మాట మేడమ్, తేటపడ్డాయని అలాగే తాగేయకండి. క్రిములు పూర్తిగా పోవు, మరిగించాల్సిందే.

నిజాంపేట వాసి:
టార్చి వేసి చూశాం సార్, మీరన్నట్టే కనిపించింది! మా అమ్మాయి ఇప్పుడు ఇంకోటి అడుగుతోంది. కలాకంద్ చేసేటప్పుడు మరిగే పాలలో పటిక వేస్తారు కదా, అదీ ఇదేనా?

కెమిస్ట్రీ లెక్చరర్ (రిటైర్డ్), నల్లకుంట:
శభాష్, చాలా మంచి ప్రశ్న. పాలలోని ప్రోటీన్ కేసిన్, దాని రేణువుల మీదా రుణావేశమే. పటిక దాన్ని తగ్గిస్తుంది, పాలను కాస్త పుల్లనా చేస్తుంది. నిమ్మరసం పిండినా అంతే. పీహెచ్ (పులుపు కొలత, పుల్లనయ్యేకొద్దీ తగ్గుతుంది) 4.6 దగ్గరకు వచ్చేసరికి కేసిన్ మీద నికర ఆవేశం సున్నా అవుతుంది, పాలు విరుగుతాయి. కలాకంద్‌కు చిటికెడే వేస్తారు గనుక పూర్తిగా విరగకుండా పలుకులు కడుతుంది. వెన్న సంగతి మాత్రం వేరు. పాలలో నీటి మధ్య కొవ్వు బొట్లుంటాయి, వెన్నలో కొవ్వు మధ్య నీటి బొట్లు. ఇలా ఒక ద్రవం ఇంకోదాంట్లో బొట్లుగా ఉండేవి ఎమల్షన్లు, రెండూ అవే. చిలికితే ఎలా తిరగబడుతుందో అమ్మాయిని ఆలోచించి ఇక్కడే రాయమనండి, నేను చూస్తాను.