ఇంటీరియర్ డిజైన్‌కి అమెరికాలో రెండు అడ్మిషన్లు వచ్చాయి, ఏది తీసుకోవాలి?

తెల్లకాగితం:

నమస్తే అందరికీ. వచ్చే ఫాల్‌కి అమెరికాలో ఇంటీరియర్ డిజైన్ బ్యాచిలర్స్‌కి రెండు చోట్ల అడ్మిషన్ వచ్చింది. ఏదో ఒకటి తేల్చి చెప్పడానికి ఎక్కువ టైమ్ లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మొదటిది ఒక ఆర్ట్ కాలేజీ. నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ), ఇంటీరియర్ డిజైన్ కోర్సులకి ఇచ్చే సీడా గుర్తింపు ఉంది, ఫీజు బాగా ఎక్కువ. రెండోది ఒక స్టేట్ యూనివర్సిటీ, ఫీజు దాదాపు సగం, కానీ గుర్తింపు గురించి వాళ్ల పేజీలో ఎక్కడా కనిపించలేదు. నేను వేరే సబ్జెక్టులో రెండేళ్లు డిగ్రీ చదివి ఆపేశాను కాబట్టి ఆ క్రెడిట్లు చాలావరకు ట్రాన్స్‌ఫర్ అవుతాయని, రెండున్నరేళ్లలో డిగ్రీ అయిపోవచ్చని ఈ రెండోవాళ్లు మెయిల్ పెట్టారు. ఇంట్లో అందరికీ ఇదే నచ్చింది, డబ్బూ మిగులుతుంది, టైమూ కలిసొస్తుంది అంటున్నారు.

చేత్తో గీయడం బాగానే వచ్చు, డిజైన్ సాఫ్ట్‌వేర్లలో స్కెచప్ సొంతంగా నేర్చుకున్నా, ఆటోక్యాడ్ కొంచెం తెలుసు, రెవిట్ అసలు తెరిచి చూడలేదు. సీడా గుర్తింపు నిజంగా అంత ముఖ్యమా, లేక కాలేజీలు ఫీజు ఎక్కువ తీసుకోవడానికి చెప్పుకునే మాటా? ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి చదువు అయ్యాక ఈ ఫీల్డ్‌లో పని దొరుకుతోందా? స్టూడియో క్లాసులంటే (డిజైన్ ప్రాజెక్టులు చేయించే క్లాసులు) రాత్రంతా మేలుకోవాలి అంటున్నారు, అదీ టెన్షన్‌గానే ఉంది. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.

ప్లాన్_సెక్షన్:

ఊరికే చెప్పుకునే మాట కాదండీ. నేను ఆఫీసులు, క్లినిక్‌లు డిజైన్ చేసే ఫర్మ్‌లో పనిచేస్తున్నా, ఎఫ్-1 మీదే వచ్చి చదివాను. సీడా అంటే కౌన్సిల్ ఫర్ ఇంటీరియర్ డిజైన్ అక్రిడిటేషన్. గుర్తింపు ఇచ్చేది యూనివర్సిటీ మొత్తానికి కాదు, ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి, అది కూడా బ్యాచిలర్స్ లేదా ఆపై స్థాయిది అయితేనే. వాళ్ల సైట్‌లో లిస్టు ఉంటుంది, మీ ఆఫర్ లెటర్‌లో ఉన్న డిగ్రీ పేరు అచ్చంగా అలాగే అందులో ఉందో లేదో చూడండి. స్టేట్ యూనివర్సిటీ కాబట్టి ఉండదనుకోకండి, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ లాంటి వాటికి ఉంది.

దీని పని ఎక్కడ పడుతుందంటే ఎన్‌సీఐడీక్యూ దగ్గర, అంటే అక్కడ ఇంటీరియర్ డిజైనర్ల అర్హత పరీక్ష. కమర్షియల్ ఇంటీరియర్స్‌లో పైకి రావాలంటే చాలా ఫర్మ్‌లు అది అడుగుతాయి, లూసియానా, నెవాడా లాంటి రాష్ట్రాల్లో అయితే ఆ పని చేయడానికి రిజిస్ట్రేషనే కావాలి. పరీక్ష మూడు భాగాలు: ఐడీఎఫ్ఎక్స్, ఐడీపీఎక్స్, ప్రాక్టికమ్. సీడా లేని డిగ్రీతో రాయనివ్వరని కాదు, కానీ ఇంటీరియర్ డిజైన్ కోర్సులు సరిపడా క్రెడిట్లు ఉన్నాయని మీ ట్రాన్స్‌క్రిప్టుతో మీరే చూపించుకోవాలి. సీడా డిగ్రీ ఉన్నవాళ్లకి ఆ గొడవ ఉండదు.

ఇంతకన్నా ముఖ్యమైన లెక్క ఒకటుంది, మనలాంటి వాళ్లకి ఎవరూ ముందుగా చెప్పరు. బ్యాచిలర్స్ ఉన్నవాళ్లు మొత్తం పరీక్ష పూర్తి చేయాలంటే 3,520 గంటల పని అనుభవం కావాలి. వారానికి 40 గంటల చొప్పున అది 88 వారాలు. మనకి డిగ్రీ తర్వాత వచ్చే ఓపీటీ (ఎఫ్-1 మీదే పనిచేయడానికి ఇచ్చే అనుమతి) 12 నెలలే, అంటే ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా చేసినా 2,080 గంటలు. ఇంకో 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీలకే. ప్రతి కోర్సుకీ ప్రభుత్వ కోడ్ ఒకటుంటుంది, మామూలు ఇంటీరియర్ డిజైన్ కోడ్ 50.0408 ఆ స్టెమ్ లిస్టులో లేదు. కొన్ని కాలేజీలు ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ అని వేరే కోడ్ కింద నడుపుతాయి, అదైనా ఆ లిస్టులో ఉందో లేదో చూసుకోవాలి. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం మీద మీ కోడ్ రాసి ఉంటుంది, రెండు చోట్లా ఏ కోడ్ వేస్తారో ఇప్పుడే అడగండి. ఆ ఒక్క నంబర్ మీద చదువు తర్వాత మీకు దొరికేది ఒక ఏడాదా మూడేళ్లా అన్నది ఆధారపడి ఉంటుంది, హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీకి ఎన్నిసార్లు పేరు వేయొచ్చు అన్నది కూడా.

గంటల విషయంలో ఒక వెసులుబాటు ఉంది, డిగ్రీ పూర్తికాకముందు చేసిన పనిలోంచి 1,760 గంటల దాకా లెక్కలోకి తీసుకుంటారు. అందుకే ఇంటర్న్‌షిప్ గురించి మూడో ఏడాదిలో చూద్దాంలే అని వదిలేయకండి.

పని దొరుకుతుందా అంటే, దొరుకుతుంది. కాకపోతే ఈ ఫీల్డ్‌లో చిన్న ఫర్మ్‌లే ఎక్కువ, వీసా కాగితాలు చూసి వెనక్కి తగ్గేది ఎక్కువగా వాళ్లే. పెద్ద ఆర్కిటెక్చర్ ఫర్మ్‌ల ఇంటీరియర్స్ విభాగాల వైపు ముందునుంచే చూసుకోండి.

రాత్రి_స్టూడియో:

ఆ రెండున్నరేళ్ల మాట నమ్మి టికెట్ కొనకండి. నేను ఇప్పుడు మూడో ఏడాది, మా క్లాసులో ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాళ్లు ఉన్నారు, అందరిదీ ఒకటే కథ. క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అవుతాయి, అబద్ధం కాదు, కానీ అవన్నీ ఇంగ్లిష్, మ్యాథ్స్, హిస్టరీ లాంటి జనరల్ కోర్సుల కింద పడతాయి. ఈ డిగ్రీలో అసలు టైమ్ తినేది స్టూడియోల వరస. స్టూడియో 1 అయితేనే 2, అది అయితేనే 3, ఒక్కోటి ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే పెడతారు చాలా చోట్ల. మీ దగ్గర వంద క్రెడిట్లు ఉన్నా స్టూడియో 1లో కూర్చోబెట్టారంటే మిగతా స్టూడియోలు అయ్యేదాకా అక్కడే ఉంటారు. పోర్ట్‌ఫోలియో చూసి నేరుగా రెండో ఏడాది స్టూడియోలోకి తీసుకునే కాలేజీలూ ఉన్నాయి, అది అడ్మిషన్ ఆఫీసు చెప్పే విషయం కాదు, డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పాలి.

పైగా ఇంకో చిక్కు. ఎఫ్-1 మీద అండర్‌గ్రాడ్‌లో సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కకొస్తుంది. జనరల్ కోర్సులన్నీ ముందే అయిపోయి ఉంటే కొన్ని సెమిస్టర్లలో స్టూడియో పక్కన తీసుకోవడానికి పనికొచ్చే క్లాసులే మిగలవు, 12 నింపడానికి అక్కర్లేని కోర్సులకి డబ్బు కట్టాల్సి వస్తుంది. స్టూడియో కష్టంగా ఉందని మధ్యలో డ్రాప్ చేస్తే 12 కన్నా కిందకి పడి స్టేటస్‌కే ముప్పు. ఏ క్లాసైనా డ్రాప్ చేసేముందు డీఎస్‌ఓతో (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మాట్లాడాల్సిందే.

రాత్రులు మేలుకోవడం గురించి: ఉంటుంది, కానీ రోజూ కాదు. రివ్యూ ముందు వారం నలిగిపోతాం. రివ్యూ అంటే షీట్లన్నీ గోడకి పిన్ చేసి బయటినుంచి వచ్చిన డిజైనర్ల ముందు నిలబడి మీ ప్లాన్ వివరించడం. మొన్నటి రివ్యూలో ఒకావిడ నా రెండరింగ్స్ (గది పూర్తయ్యాక ఎలా ఉంటుందో చూపించే బొమ్మలు) వైపు చూడనే లేదు, ప్లాన్‌లో ఎంట్రన్స్ మీద వేలు పెట్టి, "బయట వాన పడుతోంది, తడిసిన గొడుగుతో ఒక మనిషి లోపలికి వచ్చాడు, ఆ గొడుగు ఎక్కడ పెడతాడు?" అని అడిగింది. పావుగంట దాని మీదే నడిచింది. ఇంగ్లిష్ ధారాళంగా రాకపోయినా ఫర్వాలేదు గానీ ఇలాంటి ప్రశ్నకి నిలబడి సమాధానం చెప్పడం మాత్రం అలవాటు చేసుకోవాలి.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఒక మాట, రెవిట్ మ్యాక్ మీద నేరుగా నడవదు. గ్రాఫిక్స్ కార్డ్ విడిగా ఉన్న విండోస్ మెషీన్ తీసుకోండి. రెవిట్, ఆటోక్యాడ్ స్టూడెంట్లకి ఫ్రీ, ఏడాదికోసారి రెన్యూ చేసుకుంటే చాలు. అసలు ఖర్చు ప్రింట్లు, ఫోమ్ బోర్డు, మోడల్ సామాన్ల దగ్గర అవుతుంది, అది ఏ కాలేజీ ఫీజు లెక్కలోనూ సరిగ్గా చూపించరు.

ఇటుక_సున్నం:

పైన ఇద్దరూ చెప్పినవి సరైనవే, కానీ అందరూ అమెరికాలోనే లైసెన్స్ తీసుకుని స్థిరపడతారనే లెక్కతో మాట్లాడుతున్నారు. నేను అక్కడ చదివి వెనక్కి వచ్చేసి సొంతంగా ఇళ్లు, రెస్టారెంట్లు చేస్తున్నా. ఇంతవరకు ఏ క్లయింటూ సీడా అన్న మాట నా దగ్గర ఎత్తలేదు. వాళ్లు చూసేది పని. అమెరికాలో కూడా ఇళ్ల ఇంటీరియర్స్‌కి చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ అక్కర్లేదు. ఫీజు సగం అంటే చిన్న విషయం కాదు, అప్పు చేసి చదివేవాళ్లకి మరీను. చదువు అయ్యాక ఎక్కడ ఉండాలనుకుంటున్నారో ముందు అది తేల్చుకోండి, కాలేజీ సంగతి దాని తర్వాత.

ఒక్కటి మాత్రం చూసుకోండి. కొన్ని ప్రోగ్రామ్‌లు పేరుకి ఇంటీరియర్ డిజైన్, లోపల చూస్తే రంగులు, కర్టెన్లు, ఫర్నిచర్ ఎంపికే. కోర్సుల లిస్టులో బిల్డింగ్ కోడ్స్, లైటింగ్, కన్‌స్ట్రక్షన్ డాక్యుమెంట్స్, బిల్డింగ్ సిస్టమ్స్ లేకపోతే దాన్ని సగం ఫీజుకి ఇచ్చినా వద్దు. అవి నేర్పని చోట చదివితే సైట్ మీద ఎలక్ట్రీషియన్ అడిగేదానికి కూడా జవాబు ఉండదు.

పోర్ట్‌ఫోలియోలో ఫైనల్ రెండర్లు మాత్రమే పెట్టకండి. మొదట గీసిన బబుల్ డయాగ్రామ్ (ఏ గది దేని పక్కన ఉండాలో గుండ్రాలతో గీసేది), కొట్టేసిన ప్లాన్లు, ట్రేసింగ్ పేపర్ మీద ఒకదాని మీద ఒకటి వేసిన గీతలు, అన్నీ తేదీ వేసి దాచుకోండి. నేను మనుషుల్ని తీసుకునేటప్పుడు ముందు చూసేది అవే. అందమైన రెండర్ ఇప్పుడు ఎవరైనా తీయగలరు, ఈ గోడ ఇక్కడినుంచి అక్కడికి ఎందుకు జరిగిందో చెప్పగలిగినవాళ్లు తక్కువ.

తెల్లకాగితం:

అందరికీ చాలా థాంక్స్, ఐ-20 కోడ్ సంగతి నాకు అసలు తెలియదు. రెండు డిపార్ట్‌మెంట్లకీ మెయిల్ పెట్టాను. ఇంకో రెండు డౌట్లు. ఇంటర్న్‌షిప్ ఎప్పటినుంచి చేయొచ్చు, జీతం లేకుండా చేస్తే పర్మిషన్ అక్కర్లేదు అని ఎవరో అన్నారు, నిజమేనా? ఇంకోటి, నాకు అన్నీ మిల్లీమీటర్లలోనే అలవాటు, అక్కడ అడుగులు అంగుళాలు కదా, కష్టమవుతుందా?

ప్లాన్_సెక్షన్:

సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం అయ్యాక సీపీటీ (చదువుతుండగానే పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద చేయొచ్చు, అది మీ కోర్సులో భాగంగా ఉండాలి, ఐ-20 మీద నమోదయ్యాకే మొదలుపెట్టాలి. జీతం లేదు కదా అని అడగకుండా చేరిపోకండి, డీఎస్‌ఓ సరే అన్నాకే. తెలిసినవాళ్ల ఇంటికి రెండర్లు చేసిపెట్టి డబ్బు తీసుకోవడం కూడా అనుమతి లేని ఉద్యోగం కిందికే వస్తుంది. ఫుల్‌టైమ్ సీపీటీ మొత్తం 12 నెలలు చేరితే ఆ స్థాయిలో ఓపీటీ పోతుంది, వేసవుల్లో చేసుకుంటే ఆ ఇబ్బంది రాదు. ఎన్‌సీఐడీక్యూలో ఐడీఎఫ్ఎక్స్ భాగానికి పని అనుభవం అడగరు, చివరి ఏడాదిలోనే రాసేయొచ్చు.

కొలతల దగ్గర మొదట్లో తడబాటు ఉంటుంది. అక్కడ ఎక్కువగా వాడే స్కేల్ పావు అంగుళానికి ఒక అడుగు, అంటే 1:48. మీకు అలవాటైన 1:50కి దాదాపు దగ్గర కాబట్టి కంటికి తేడా తెలియదు, కానీ 12 అడుగుల గోడ గీస్తే షీట్ మీద 3 మిల్లీమీటర్లు తేడా వస్తుంది, నాలుగు గదులు కలిపేసరికి ఏదీ సరిపోదు. స్కేల్ పట్టీ అక్కడిదే కొనండి, మనసులో మార్చుకుంటూ గీయకండి.

నేనైతే అంకెల్ని మనిషి ఒంటితో కలిపి గుర్తుపెట్టుకున్నా. వీల్‌చెయిర్‌కి వీలుగా ఉండే టాయిలెట్ తీసుకోండి, ఏడీఏ అనే అమెరికా వికలాంగుల చట్టం 2010 ప్రమాణాల ప్రకారం చక్రాల కుర్చీ తిరగడానికి 60 అంగుళాల వృత్తం పట్టాలి. తలుపు తెరిచాక మిగిలే ఖాళీ 32 అంగుళాలకి తగ్గకూడదు, రెక్క మందం పోతుంది కాబట్టి మేము 36 అంగుళాల తలుపే వేస్తాం. కమోడ్ మధ్యగీత పక్క గోడకి 16 నుంచి 18 అంగుళాల లోపు, పట్టుకునే కడ్డీ నేలనుంచి 33 నుంచి 36. ఇదంతా ఒక చిన్న గదిలో ఇరికించడం స్టూడియోలో రెండుసార్లు చేశారంటే ఆ అంకెలు చేతికి వచ్చేస్తాయి.

తెల్లకాగితం:

స్టేట్ యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ నుంచి జవాబు వచ్చింది. రాత్రి_స్టూడియో గారు చెప్పినట్టే, నన్ను స్టూడియో 1లోనే కూర్చోబెడతారట, మొత్తం ఎనిమిది స్టూడియోలు. సీడా లిస్టులో వాళ్ల పేరు లేదు. కోర్సుల్లో కోడ్స్, లైటింగ్ మాత్రం ఉన్నాయి. ఆర్ట్ కాలేజీ వాళ్లు నా డ్రాయింగ్స్ ఇంకో పది పంపమన్నారు, చూసి రెండో ఏడాది స్టూడియో ఇవ్వగలమో లేదో చెప్తారట.

రాత్రి_స్టూడియో:

అయితే లెక్క తిరగబడింది కదా, స్టేట్ యూనివర్సిటీలో నాలుగేళ్లు, ఆర్ట్ కాలేజీలో మూడేళ్లే అయ్యే అవకాశం ఉంది. ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది ఉండే ఖర్చు రెండూ తీసేసి మళ్లీ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు. పది డ్రాయింగ్స్‌లో కనీసం మూడు ప్లాన్, సెక్షన్ (గదిని నిలువుగా కోసినట్టు చూపించే బొమ్మ) కొలతలతో చేత్తో గీసినవి పెట్టండి, మీరు ఇప్పుడు ఉంటున్న గదే కొలిచి గీసినా చాలు. ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్లకి స్కాలర్‌షిప్ ఉందేమో అదే మెయిల్‌లో అడగండి, మనం అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. రెండో ఏడాది స్టూడియో ఇస్తామంటే ఆ మాట మెయిల్‌లోనే తీసుకోండి, ఫోన్‌లో చెప్పారని డిపాజిట్ కట్టేయకండి.