అప్‌డేట్: తక్షశిలను అలెగ్జాండర్ కూల్చాడా? జవాబు దొరికింది

మా అబ్బాయి ప్రాజెక్ట్ కోసం, తక్షశిలలో మూడు నగరాల శిథిలాలు ఎందుకున్నాయి, అలెగ్జాండరే కూల్చాడా అని అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

మూడు చోట్లనూ విడివిడిగా చూడమన్న సలహా పనిచేసింది. వాటిలో పాతది భీర్ దిబ్బ. క్రీ.పూ. 326లో అక్కడి రాజు అంభి యుద్ధమే చేయకుండా అలెగ్జాండర్‌కి లొంగిపోయాడు. ఇక కూల్చేదేముంది! తర్వాత ఇండో-గ్రీకులు (ఈ ప్రాంతాన్ని ఏలిన గ్రీకు రాజులు) పక్కనే సిర్కప్ అనే రెండో నగరం కట్టారు. వాళ్ల తర్వాత వచ్చిన శకులు, పార్థియన్లు దాన్నే ఏలారు. ఆ తర్వాతి పాలకులు కుషాణులు మాత్రం ఇంకాస్త దూరంలో మూడో నగరం సిర్‌సుఖ్ కట్టుకున్నారు. మావాడి సోషల్ టీచర్ కూడా ఇది సరైనదే అన్నారు.

అలెగ్జాండర్‌తో పురుషోత్తముడి (పోరస్ రాజు) యుద్ధం గురించి ముందు పోస్టులో నేను రాసిన పేరా అనవసరం. ఆ యుద్ధం జరిగింది తక్షశిలలో కాదు, జీలం నది ఒడ్డున. మావాడు చార్టులో తక్షశిల చుట్టూ మంటలు గీసేశాడు పాపం, ఇప్పుడు కూర్చుని చెరుపుతున్నాడు.