ఎక్స్‌ట్రా తాళంచెవుల పైసలు ఎవరు పెట్టుకోవాలి, ఓనరా, కిరాయికి ఉండేవాళ్ళా?

నయీంనగర్ కిరాయిదారు:

హన్మకొండలో, నయీంనగర్ వైపు ఒక ఇంట్లో ఫస్ట్ ఫ్లోర్ పోర్షన్ తీసుకున్నాం. కిరాయి 9,000, అడ్వాన్స్ రెండు నెలలది. కింద ఓనరు వాళ్ళే ఉంటారు. నీళ్ళ దగ్గర గానీ కరెంటు బిల్లు దగ్గర గానీ ఇప్పటిదాకా ఏ లొల్లీ లేదు, మంచోళ్ళే. తాళంచెవుల దగ్గరే కిరికిరి మొదలైంది.

ఇంట్లో దిగిన రోజు మెయిన్ డోర్‌ది ఒక చెవి, గేటుది ఒక చెవి చేతిలో పెట్టారు. ఉండేది నలుగురం. మా ఆవిడ నర్సు, షిఫ్టులు మారుతూ ఉంటాయి. నాకు తిరుగుడు పని, ఒకరోజు జనగామ అయితే ఇంకోరోజు పరకాల, ఎప్పుడొస్తానో నాకే తెలియదు. తమ్ముడు ఇంటర్, వాడికి కాలేజీ తర్వాత స్టడీ అవర్లు. అమ్మ సగం రోజులు ఊర్లోనే ఉంటుంది. గేటుకు రాత్రి పదింటికి తాళం పడుతుంది. ఇక చూస్కోండి, చెవి నీ దగ్గర ఉందా నా దగ్గర ఉందా అని రోజూ ఫోన్లే, లేకపోతే కిరాణా షాపులో ఇచ్చి పోవుడే. షాపాయన కూడా మొహం ఒకలా పెడుతున్నాడు ఈ మధ్య.

ఓనరు అంకుల్‌ను ఇంకో రెండు సెట్లు అడిగితే "మీకు కావాలంటే మీరు చేయించుకోండి, నేనెందుకు పెట్టుకుంటా" అన్నారు. సరే అనుకున్నా. మళ్ళీ మరుసటి రోజు పిలిచి, గేటుది ఎక్కువ చేయించొద్దు, చెవులు ఊరంతా తిరుగుతాయి, చేయించినవన్నీ ఖాళీ చేసేటప్పుడు నాకే ఇచ్చి పోవాలి అన్నారు. మెయిన్ డోర్‌ది కంప్యూటర్ కీ, అదే గుంటలుండే చెవి. చౌరస్తా దగ్గర అడిగితే ఒక్కోటి 250 చెప్పాడు, గేటుది మామూలుదే, 80. పైసలు పెద్దవేం కాదు, కానీ పైసలు నావి, చెవులు ఆయనవి, ఎన్ని ఉండాలో కూడా ఆయనే చెప్తే ఇదేం లెక్క? అగ్రిమెంట్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. మీ ఇళ్ళల్లో ఎట్లా నడుస్తుంది?

గోపాలపూర్ ఓనరు:

తమ్మీ, నేను ఓనరు సైడే మాట్లాడతా, కోపం తెచ్చుకోకు. మావి మూడు పోర్షన్లు కిరాయికి ఉన్నాయి. ప్రతి పోర్షన్‌కు రెండు సెట్లు నేనే ఇస్తా, అది నా బాధ్యత. నలుగురున్న ఇంటికి ఒక్క చెవి ఇచ్చుడు మాత్రం మీ ఓనరు పీనాసితనమే, అందులో అనుమానం లేదు. ఆ రెండు దాటి అడిగినవి మాత్రం అడిగినోళ్ళే పెట్టుకోవాలి. ఎందుకంటే నీ ఇంట్లో ఎంతమంది ఉంటారో, ఎవరు ఎన్ని గంటలకు వస్తారో అది నీ అవసరం, ఇంటికి సంబంధించింది కాదు.

అసలు ఓనర్లు భయపడేది 80 రూపాయలకు కాదు. యూనివర్సిటీ దగ్గర కదా మాది, పైన పోర్షన్ పిల్లలకు ఇచ్చా ఒకసారి. అగ్రిమెంట్‌లో నలుగురు. ఎవరి చెవి వాళ్ళు చేయించుకున్నారు, బాగానే ఉంది. తర్వాత చూస్తే వాళ్ళ దోస్తులకు కూడా చెవులు, పరీక్షలప్పుడు వచ్చి పడుకుంటారంట. రాత్రి పన్నెండింటికి ఎవడో ముఖం తెలియని పిల్లగాడు దర్జాగా తాళం తీసుకుని లోపలికి వస్తుంటే మా ఇంటామె పరేషాన్. ఖాళీ చేసినప్పుడు ఎన్ని వెనక్కి వచ్చాయో, ఎన్ని బయట ఉన్నాయో ఎవరికి తెలుసు? గేటు తాళం మొత్తం మార్చా, కింద ఉన్న మిగతా పోర్షన్లకు కూడా కొత్త చెవులు ఇవ్వాల్సి వచ్చింది. అది ఎవరి ఖాతాలో రాయాలె?

కాబట్టి చేయించుకో, కానీ చెప్పి చేయించుకో. ఎన్ని చేయించావో ఓనరుకు తెలియాలి.

అదాలత్ రోడ్ రాతగాడు:

నేను డాక్యుమెంట్ రైటర్ దగ్గర పనిచేస్తా, రోజూ కిరాయి అగ్రిమెంట్లు టైప్ చేసేది నేనే. ఫ్యాన్లు 3, ట్యూబ్‌లైట్లు 4, గీజర్ 1 అని ఒక్కొక్కటి లెక్కపెట్టి రాయిస్తారు. తాళంచెవులు ఎన్ని ఇచ్చారో రాయించిన ఓనరును వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లొల్లి అంతా వచ్చేది అక్కడే.

చట్టం సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించి రాష్ట్రాలకు పంపిన మోడల్ టెనెన్సీ యాక్ట్, అంటే కిరాయిల నమూనా చట్టం, ఒకటి ఉంది. దాని రెండో షెడ్యూల్‌లో ఏ రిపేరు ఎవరిదో పంచిపెట్టారు. గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపులు మార్చుడు, కరెంటు వైరింగు ఓనరువి. నల్లా వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేరు, కిటికీ అద్దాలు, ఇంకా తలుపుల నాబ్‌లు, తాళాలు మార్చుడు కిరాయిదారువి. అవును, తాళాలు మీ వైపే పడేశారు. కానీ తొందరపడి ఓనర్లు సంబరపడొద్దు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే అమలు. పైగా అందులో కూడా అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే ఆ రాసుకున్నదే నడుస్తుంది. ఇదే షెడ్యూల్ చూపించి కిరాయిదారు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఖాళీ చేసేటప్పుడు కలర్ వేయించాలని మన దగ్గర నెల కిరాయి పట్టుకుంటారు చూడండి, ఆ పని అందులో ఓనరు లిస్టులో ఉంది. సరే అది వేరే పంచాయితీ.

మన తెలంగాణలో ఉన్నది 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం, అది కూడా అన్ని కిరాయి ఇళ్ళకూ వర్తించదు. కిరాయిదారు వాడుకునే సౌకర్యాలను కారణం లేకుండా ఓనరు ఆపేయకూడదు అనే మాట అందులో ఉంది. డూప్లికేట్ ఖర్చు ఎవరిది అనే ప్రశ్నను ఆ మాట తేల్చదు. నా మట్టుకు నేను రెండూ వేరు చేసి చూస్తా. ఇంట్లోకి వచ్చిపోయే వీలు ఓనరు ఇచ్చి తీరాల్సింది, దానికే కిరాయి తీసుకుంటున్నాడు. ఆ వీలును ఇంకా సులువు చేసుకోవడానికి అయ్యే ఖర్చు కిరాయిదారుది. పదింటికి గేటు తాళం వేసేది ఓనరు రూల్ అయితే, ఆ గేటు చెవి పెద్దవాళ్ళందరికీ చేరేలా చూడాల్సింది కూడా ఆయనే. మెయిన్ డోర్‌కు అదనంగా మీరు చేయించుకునేవి మీవి.

ఎట్లాగూ పదకొండు నెలలకే అగ్రిమెంట్ రాస్తారు కదా, రెన్యువల్ అప్పుడు ఒక లైను రాయించండి. ఇచ్చిన చెవులు ఇన్ని, ఓనరుకు చెప్పి చేయించినవి ఇన్ని, పోతే ఖర్చు ఎవరిది. ఒక్క లైను, దానికి మా సేటు ఎక్కువ కూడా తీసుకోడు.

మండిబజార్ పాత ఇల్లు:

మీ లొల్లి చదువుతుంటే నవ్వొస్తుంది. మా వైపు పాత ఇళ్ళల్లో ఈ ప్రశ్నే లేదు. తలుపుకు గొళ్ళెం, దానికి కప్ప తాళం. కిరాయికి వచ్చేవాళ్ళు వాళ్ళ తాళం వాళ్ళు తెచ్చుకుంటారు, పోయేటప్పుడు వాళ్ళ తాళం వాళ్ళు తీసుకుపోతారు. చెవులు రెండు చేయించుకుంటావా పది చేయించుకుంటావా అడిగేవాడు లేడు. ఓనరు దగ్గర చెవి ఉండుడు అనే ముచ్చటే లేదు.

ఈ ఇంటర్‌లాక్ తలుపులు వచ్చాకనే తాళం తలుపులో భాగం అయిపోయింది. తలుపు ఓనరుది, తాళం ఓనరుది, ఇక చెవి ఎవరిది అని మీరు కొట్టుకుంటున్నారు. మీ తలుపుకు బయట గొళ్ళెం ఉందా? ఉంటే ఇంటర్‌లాక్ వాడకండి, మీ కప్ప తాళం వేసుకోండి, కొత్త దాంతోనే రెండు మూడు చెవులు వస్తాయి. ఓనరు ఇచ్చిన చెవి బీరువాలో పడేయండి, పోయేరోజు తీసి ఇచ్చేయండి. 250 పెట్టి ఆయన తలుపుకు చెవులు చేయించి ఆయనకే దానం చేసేకంటే ఇది నయం.

కాజీపేట అక్క:

పై రిప్లైలు అన్నీ మగవాళ్ళవే అనుకుంటా, ఎవరూ అసలు సంగతి అడగలేదు. మీకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎన్ని చెవులు చేయించుకున్నారు? అవి ఎక్కడున్నాయి? మీ ఆవిడ నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు ఒక్కతే పడుకుంటుంది కదా ఆ ఇంట్లో. గోపాలపూర్ అన్న "చెవులు బయట తిరుగుతాయి" అని తన గేటు గురించి భయపడుతున్నాడు, బాగుంది. కానీ ఆ భయం కొత్తగా దిగే కిరాయిదారుకు ఇంకా ఎక్కువ ఉండాలి.

నేను ఒక్కదాన్నే ఉంటా. ఇల్లు చూసినప్పుడు ఫస్ట్ అడిగేది తాళం మార్చి ఇస్తారా అని. మొత్తం లాక్ పీకాల్సిన పని లేదు, చాలా ఇంటర్‌లాక్‌లలో చెవి దూరే సిలిండర్ ఒక్కటే మార్చొచ్చు, కొత్త సిలిండర్‌తో కొత్త చెవుల సెట్ వస్తుంది. ఈ ఖర్చు వందకు వంద శాతం ఓనరుదే అంటాను, ఎందుకంటే పాత వాళ్ళ దగ్గర లెక్క తీసుకోవాల్సింది ఆయన. అట్లా మారిస్తే ఎక్స్‌ట్రా చెవుల గొడవ సగం దానంతట అదే పోతుంది.

ఇంకోటి, ఓనరు తన దగ్గర ఒక చెవి పెట్టుకున్నాడా అడిగారా? గ్యాస్ లీక్ అయినా, నల్లా విప్పి మరిచిపోయి పోయినా పనికొస్తుంది అంటారు, అది నిజమే, బతుకమ్మకు ఊరికి పోతే నేనూ ఇచ్చే పోతా. కానీ కవర్‌లో పెట్టి అంటించి, అంటించిన చోట సంతకం పెట్టి ఇస్తా. కవర్ చిరిగితే తెలుస్తుంది. పాత ఇంట్లో నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఇంటాయన "ఫ్యాన్ నడుస్తుందేమో చూద్దామని" లోపలికి పోయొచ్చాడు, ఎంత మామూలుగా చెప్పాడో. ఆ వారమే వేరే ఇల్లు వెతుక్కున్నా. పైన చెప్పిన మోడల్ యాక్ట్‌లో కూడా ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది.

చౌరస్తా చెవుల దుకాణం:

మా బాబాయిది చెవులు చేసే దుకాణం, నేను కూడా కూర్చుంటా. రేటు మీద కొంచెం చెప్తా. కంప్యూటర్ కీ అంటే రెండు వైపులా గుంటలు ఉండే చెవి, దానికి బ్లాంక్ (ఇంకా కోయని ఖాళీ చెవి) రేటే ఎక్కువ, మెషిన్ వేరే. 250 అంటే మరీ మోసం ఏం కాదు, రెండు మూడు కలిపి చేయిస్తే తగ్గిస్తారు, అడగండి.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే డూప్లికేట్ తెచ్చి దానికి డూప్లికేట్ చేయమంటారు. చేసిన ప్రతిసారీ వెంట్రుక మందం తేడా వస్తుంది, మూడో తరం చెవి తాళంలో దూరుతుంది కానీ తిరగదు, తిప్పి తిప్పి లోపల విరగ్గొట్టుకుంటారు. అప్పుడు లాక్ విప్పించుడు, ఆ ఖర్చు ఎవరిది అని మళ్ళీ ఇంకో లొల్లి. కాబట్టి ఓనరు దగ్గర ఉన్న ఒరిజినల్ అడిగి తీసుకుని, అన్నీ దాని మీదే చేయించండి. అక్కడే నిలబడి చేయించుకోండి, ఇంటికి పోయి ఒక్కొక్కటి తిప్పి చూడండి, గట్టిగా ఉంటే వెనక్కి తెస్తే ఆకురాయితో రాకి ఇస్తాం, మళ్ళీ పైసలు తీసుకోం.

సబ్బు మీద అచ్చు తెచ్చి చేయమనేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. వాళ్ళకు మేం చెయ్యం.

నయీంనగర్ కిరాయిదారు:

అందరికీ థాంక్స్. మండిబజార్ అన్నా, చూశా, మా తలుపుకు బయట గొళ్ళెం లేదు, పెట్టించాలంటే తలుపుకు బెజ్జాలు కొట్టాలి, దానికి అంకుల్ చచ్చినా ఒప్పుకోడు.

నిన్న సాయంత్రం అంకుల్ లేనప్పుడు ఆంటీతో మాట్లాడా. రాతగాడు అన్న చెప్పినట్టే అడిగా: గేటు పదింటికి వేసేది మీరు కాబట్టి గేటుది రెండు మీరు చేయించండి, మెయిన్ డోర్‌ది నేను చూసుకుంటా అని. ఆమె వెంటనే సరే అంది. అక్క అడిగిన ప్రశ్న కూడా అడిగా. ముందు ఉన్నవాళ్ళు ఒక చెవే వెనక్కి ఇచ్చారట, ఇంకెన్ని చేయించుకున్నారో వాళ్ళకూ తెలియదు. ఇది విన్నాక మా ఆవిడ పట్టు పట్టింది, డూప్లికేట్లు వద్దు సిలిండరే మార్పించు అని. అది సగం సగం పెట్టుకుందామని ఆంటీ అంటోంది, అంకుల్‌ను ఇంకా అడగాలట.

కాజీపేట అక్క:

సగం ఎందుకు? ఆ చెవులు వసూలు చేయనిది వాళ్ళు. మీరు సగం ఇస్తే, పోయేటప్పుడు ఆ సగం వెనక్కి ఇస్తారా అడగండి ముందు.

గోపాలపూర్ ఓనరు:

చెల్లె, వెనక్కి ఎందుకు ఇస్తారు, వాడుకున్నారు కదా అన్నిరోజులు. నా ప్రకారం సగం సగం న్యాయమే. కానీ తమ్మీ, సిలిండర్ మారిస్తే పాత సిలిండర్, పాత చెవి పారేయకు, ఓనరుకు అప్పజెప్పి వాట్సాప్‌లో ఫొటో పెట్టు. లేకపోతే ఖాళీ చేసేరోజు "నా ఒరిజినల్ ఏది" అని అడ్వాన్స్‌లో కోస్తాడు. అనుభవంతో చెప్తున్నా, నేనూ కోస్తా.